ఇంటి వర్క్‌షాపులో ఎలుకల బెడద: ఏ పని ముందు, ఏ పని తర్వాత

పెరట్లో రేకుల షెడ్డు వేసుకుని వడ్రంగం చేసేవారు, మెట్ల కింది గదిలో మోటార్లు బాగుచేసేవారు, కారు నిలిపే చోట ఓ మూల కుట్టుమిషను పెట్టుకున్నవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: "మందు పెట్టాం, బోను పెట్టాం. నెల తిరక్కుండానే మళ్ళీ వచ్చాయి. ఇంకేం చేయాలి?"

చాలాసార్లు లోపం మందులోనూ ఉండదు, బోనులోనూ ఉండదు. పనుల వరుసలో ఉంటుంది. కోపంతో చెక్కల గుట్ట కదిపేస్తారు, ఎలుకలు చెదిరి వంటింట్లోకి చేరతాయి. కనిపించిన కన్నాలన్నీ ఒకేరోజు మూసేస్తారు, లోపల చిక్కినవి వైర్లు, తలుపులు కొరుకుతాయి. షాపు నిండా తిండి ఉంచి ఉచ్చులో వడ ముక్క పెడతారు, దాని వంక ఏ ఎలుకా చూడదు.

కింది వరుసలో చేస్తే మామూలు షెడ్డుకు రెండు మూడు వారాలు పడుతుంది. తొందరపడి ఏ మెట్టూ దాటేయకండి.

## 1. వచ్చింది ఏదో ముందు తేల్చుకోండి

అన్నిటినీ "ఎలుకలు" అనేస్తాం గానీ, వాటి అలవాట్లు వేరు, పట్టే పద్ధతులు వేరు. పెంటికలు చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

చిట్టెలుక. పెంటికలు 3 నుంచి 6 మి.మీ. పొడవు, కొసలు సన్నగా ఉంటాయి. గూటికి కొద్ది మీటర్ల దూరంలోనే తిరుగుతుంది. సొరుగుల్లో, డ్రిల్లు మిషను పెట్టెలో, బట్ట పీలికల మధ్య గూడు కడుతుంది. కొత్త వస్తువు కనిపిస్తే వెళ్ళి వాసన చూస్తుంది కనుక ఉచ్చులో తొందరగా పడుతుంది.

ఇంటి ఎలుక. తోక ఒంటికంటే పొడవు. పెంటికలు సుమారు 12 మి.మీ. ఉంటాయి. దూలాలు, వాసాలు, కేబుళ్ళ మీదుగా పైపైనే తిరుగుతుంది. కొత్త వస్తువంటే దీనికి అనుమానం. నిన్నటిదాకా లేని బోను కనిపిస్తే కొన్ని రోజులు పక్కనుంచే పోతుంది.

పందికొక్కు. నేలలో కలుగు తవ్వుతుంది. కలుగు దగ్గర తవ్విపోసిన మట్టి కుప్ప కనిపిస్తుంది. పునాది పక్కన, మురుగు కాలువ అంచున, కట్టెల మోపు కింద వెతకండి. పెద్ద జాతిది కిలో దాకా తూగుతుంది. చిట్టెలుకల ఉచ్చుతో దాన్ని పట్టాలనుకోవద్దు.

చుంచు. పొడవైన మూతి, చిన్న కళ్ళు, కిచకిచ అరుపు, ఘాటైన వాసన. ఇది ఎలుక జాతి కాదు. బొద్దింకలను, పురుగులను తింటుంది, వైర్లు కొరకదు. షాపులో కనిపించేది చుంచు ఒక్కటే అయితే ఈ హంగామా అంతా అక్కర్లేదు. తలుపు కింది సందు మూస్తే సరిపోతుంది.

## 2. దారులు కనిపెట్టండి

దీనికి రెండు రాత్రులు కేటాయించండి. ఏ వస్తువునూ కదపవద్దు.

మొదటి సాయంత్రం గోడల వెంట, తలుపు దగ్గర, కన్నాల ముందు ముగ్గు పలచగా చల్లండి. రాతి ముగ్గే వాడాలి. బియ్యప్పిండి చల్లితే మీరే విందు పెట్టినట్టు. తెల్లవారి చూస్తే పాదాల గుర్తులు, మధ్యలో తోక ఈడ్చిన గీత కనిపిస్తాయి. వడ్రంగం షాపులో నేల మీద రంపపు పొట్టును సమంగా పరిచినా ఇదే పని అవుతుంది.

పైన తిరిగేవాటి గుర్తులు వేరు. రోజూ ఒకే దారిన పోవడంతో ఒంటి జిడ్డు అంటుకుని దూలాల మీద, పైపుల మలుపుల దగ్గర నల్లటి మరక పడుతుంది. వేలితో రాస్తే అంటుకుంటే అది ఇప్పటి దారి. ఎండి పొలుసుగా లేస్తే పాతది. పెంటికలకూ ఇదే లెక్క: కొత్తవి నల్లగా, మెత్తగా, మెరుస్తూ ఉంటాయి. పాతవి బూడిద రంగుకు తిరిగి, నొక్కితే పొడి అవుతాయి.

కన్నాల కోసం మిట్టమధ్యాహ్నం షట్టరు దించి, దీపాలు ఆర్పి, పది నిమిషాలు లోపల నిలబడండి. వెలుతురు ఎక్కడెక్కడ చొరబడుతోందో అక్కడల్లా సుద్దతో గుర్తు పెట్టండి. పెన్సిలు దూరే సందులో చిట్టెలుక దూరుతుంది. అర అంగుళం సందు దొరికితే ఎలుక పిల్లకు దారి దొరికినట్టే.

బయట కలుగులుంటే సాయంత్రం అన్నిటినీ మట్టితో మూసేయండి. పొద్దున మళ్ళీ తెరుచుకున్నవే ఎలుకలున్న కలుగులు. పొలాల్లో వ్యవసాయశాఖ వారు చెప్పే పద్ధతి ఇదే, పెరట్లోనూ బాగా పనికొస్తుంది.

తప్పకుండా చూడాల్సిన చోట్లు:

- రేకుల వంపులకూ గోడ పైభాగానికీ మధ్య ఖాళీలు
- రోలింగ్ షట్టరు అడుగు, రెండు పక్కల గాడులు, పైన షట్టరు చుట్టుకునే పెట్టె
- కరెంటు పైపు, నీళ్ళ మోటారు పైపు గోడలోంచి వచ్చే చోటు
- నేల కడిగిన నీళ్ళు పోయే తూము
- రేకుల మీదకు వాలిన మామిడి, మునగ కొమ్మలు; ఆనుకున్న కేబుల్ వైర్లు
- పనిబల్ల వెనుక, గోడకు ఆనించిన ప్లైవుడ్ షీట్ల వెనుక

చూసినవన్నీ కాగితం మీద షాపు పటం గీసి గుర్తించండి. ముగ్గు చెదిరిన కన్నాలకు ఎర్ర గుర్తు, చెదరనివాటికి నీలం గుర్తు పెట్టండి. నీలం గుర్తువి ఈ వారమే మూసేయవచ్చు. ఎర్ర గుర్తువి మాత్రం ఎనిమిదో మెట్టు దాకా ముట్టుకోకండి.

## 3. తిండి మాత్రమే తీసేయండి

"నా షాపులో తిండేముంది, చెక్కలూ మేకులేగా" అంటారు. కాస్త వెతకండి.

- టిఫిను డబ్బా, బిస్కెట్టు పొట్లం, టీ గ్లాసు అడుగున మిగిలిన చక్కెర
- జాగా లేక షాపులో పెట్టిన కోళ్ళ దాణా, కుక్క తిండి, వడ్ల బస్తా, పల్లీలు, ఎండు కొబ్బరి
- మైదా జిగురు, పశువుల చర్మంతో చేసే పాత రకం వజ్రం జిగురు
- మైనం, సబ్బు, తోలు బెల్టులు
- విత్తనాల పొట్లాలు, వేరుశనగ చెక్క
- చెత్తబుట్ట

తినే వస్తువులన్నీ షాపు దాటించండి. దాటించలేనివి గట్టి మూత ఉన్న రేకు డబ్బాల్లో పెట్టండి. ప్లాస్టిక్ డబ్బా చిట్టెలుకను కొంతకాలం ఆపుతుంది, పందికొక్కును ఒక్క రాత్రి కూడా ఆపలేదు.

నీళ్ళూ చూడండి. కారే కుళాయి, సానరాయి పక్కన నీళ్ళ గిన్నె, కూలరు అడుగున నిలిచిన నీరు ఉండకూడదు. చిట్టెలుక తినే గింజల్లోని తడితోనే చాలావరకు నెట్టుకొస్తుంది, పెద్ద ఎలుకలకు మాత్రం రోజూ నీళ్ళు కావాలి.

ఇక్కడే ఆగండి. చెక్కల గుట్ట, సామాను, గుడ్డల మూటలు కదపవద్దు. గూళ్ళు కదిలిస్తే ఎలుకలు దారులు మార్చుకుంటాయి, రెండు రాత్రులు కూర్చుని గీసిన పటం వృథా అవుతుంది.

## 4. ఉచ్చులు: అసలు పని ఇక్కడే

### ఏ ఉచ్చు కొనాలి

చెక్క పలక మీద గట్టి స్ప్రింగు ఉండే ఉచ్చే వర్క్‌షాపుకు నా మొదటి ఎంపిక. దెబ్బ సరిగ్గా పడితే ఎలుక క్షణంలో చస్తుంది, బాధ తక్కువ. చిట్టెలుకకూ పెద్ద ఎలుకకూ వేర్వేరు సైజులున్నాయి. పెద్ద ఉచ్చు మీద చిట్టెలుక నడిచి, ఎర తిని, హాయిగా వెళ్ళిపోతుంది.

పందికొక్కుకు పెద్ద ఇనుప బోను కావాలి. చిన్నపిల్లలు, పెంపుడు పిల్లి తిరిగే ఇంట్లో కూడా బోనే మేలు.

జిగురు అట్టలు వద్దు. అంటుకున్న ఎలుక గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి విలవిల్లాడుతుంది. వీటి తయారీ, అమ్మకం, వాడకం ఆపాలని భారత జంతు సంక్షేమ బోర్డు రాష్ట్రాలకు సూచించింది. పైగా షాపులో వాటి మీద రంపపు పొట్టు పడి జిగురు పట్టు పోతుంది.

### ఎన్ని పెట్టాలి

పది అడుగుల షెడ్డులో చిట్టెలుకలకైతే ఆరు నుంచి ఎనిమిది, పెద్ద ఎలుకలకైతే నాలుగు నుంచి ఆరు. ఒక్క ఉచ్చు పెట్టి వారమంతా ఎదురుచూడటం కంటే ఒకే రాత్రి ఆరు పెట్టడం వెయ్యి రెట్లు నయం. మొదటి రెండు రాత్రుల్లో పడినవే ఎక్కువ, తర్వాత మిగిలినవి జాగ్రత్తపడతాయి. చిట్టెలుకకు జతకట్టిన మూడు వారాలకే పిల్లలు పుడతాయి. మీరు నెమ్మదిస్తే అది నెమ్మదించదు.

### ఎర

మన ఇళ్ళలో వాడేవి బాగానే పనిచేస్తాయి: నిప్పు మీద కాల్చిన ఎండు కొబ్బరి ముక్క, మసాలా వడ, పల్లీల పొడి బెల్లంతో కలిపిన ఉండ, ఎండు చేప. శనగ గింజంత చాలు. ఎక్కువ పెడితే అంచున కూర్చుని తినేసి పోతుంది.

ఎరను దారంతో ఉచ్చు మీటకు కట్టండి. లాగితేనే ఊడేలా ఉండాలి. తిండి ఎర పని చేయని చోట కాస్త దూది, గోనె పీచు కట్టి చూడండి. గూడు కట్టే ఆడ ఎలుక దానికోసం వస్తుంది.

### పెట్టే తీరు

1. గోడకు అడ్డంగా, ఎర ఉన్న కొస గోడను తాకేలా పెట్టండి. ఎలుక గోడ వారగానే నడుస్తుంది, గది నడుమకు రాదు.
2. చిట్టెలుకలకు రెండు మూడు మీటర్లకు ఒకటి చొప్పున, పెద్దవాటికి ముగ్గు చెదిరిన చోటల్లా ఒకటి.
3. ఇంటి ఎలుకకు నేల మీద కాదు, దూలం మీద, గోడ పైఅంచున పెట్టాలి. ఉచ్చును తీగతో కట్టేయండి. సగం చిక్కిన ఎలుక దాన్ని ఈడ్చుకుపోతుంది, లేదా ఉచ్చు మీ నెత్తిన పడుతుంది.
4. పెద్ద ఎలుకలకు మొదటి మూడు రాత్రులు ఉచ్చు బిగించకుండా ఎర మాత్రమే పెట్టండి. మూడు రోజులూ ఎర మాయమైతే నాలుగో రాత్రి బిగించండి. ఓపిక ఉన్నవారికే ఈ మెట్టు ఫలిస్తుంది. చిట్టెలుకలకు ఇది అవసరం లేదు.
5. పొద్దున, సాయంత్రం రెండు పూటలా చూడండి.

### సొంతంగా చేసుకునే సొరంగం పెట్టె

చేతిలో రంపం ఉన్నవారికి ఇది అరగంట పని. మిగిలిన ప్లైవుడ్ ముక్కలతో సుమారు 40 సెం.మీ. పొడవు, ఉచ్చు ఆడేంత వెడల్పు, స్ప్రింగు పైకి లేచేంత ఎత్తు ఉన్న పెట్టె చేయండి. రెండు చివర్లా గోడ వైపున కన్నం: పెద్ద ఎలుకకు 6 సెం.మీ., చిట్టెలుకకు 3 సెం.మీ. పైమూతకు మడతబందు వేయండి. ఉచ్చు లోపల ఉంటే పిల్లల వేళ్ళు, పిల్లి పాదాలు భద్రం. చీకటి సందు కావడంతో ఎలుకకూ ధైర్యం వస్తుంది. రంగు, వార్నిషు వేయకండి. కొత్త వాసనతో నాలుగు రోజులు ఆలస్యమవుతుంది.

### పడిన తర్వాత

చేతికి గట్టి తొడుగు లేకుండా ముట్టుకోవద్దు. చచ్చిన ఎలుకను ఉచ్చుతో సహా క్రిమిసంహారక ద్రవంతో తడిపి, రెండు కవర్లలో మూటగట్టి చెత్త బండికి ఇవ్వండి, లేదా మోకాటి లోతు గుంటలో పూడ్చండి.

బోనులో ప్రాణంతో పడితే కాలువలో ముంచడం క్రూరం. వీధి చివర వదిలితే రాత్రికి తిరిగొస్తుంది, పక్కవీధిలో వదిలితే పక్కవీధివారి సమస్య అవుతుంది. ఇళ్ళకూ పొలాలకూ దూరంగా వదలగలిగితే సరే, లేదంటే ఎలుకల నివారణ పనివారికి అప్పగించండి. ఈ తంటా వల్లే స్ప్రింగు ఉచ్చు మేలంటున్నాను.

వరుసగా ఐదు రాత్రులు ఉచ్చులన్నీ ఖాళీగా ఉండి, ముగ్గు చెదరకపోతే ఆరో మెట్టుకు వెళ్ళండి.

## 5. మందు: తప్పనిసరైతేనే

మందుతో పెద్ద చిక్కు, ఎలుక ఎక్కడ చస్తుందో మీ చేతిలో ఉండదు. గోడ సందులోనో, రేకుల కింది అట్టల పైనో చచ్చిందంటే వారం రెండు వారాలు షాపులో నిలబడలేరు.

పెట్టాల్సి వస్తే బ్రోమాడియోలోన్ 0.005 శాతం ఉన్న మైనపు బిళ్ళలే వాడండి. తిన్న కొద్దిరోజులకు లోపల రక్తస్రావమై చస్తుంది. అంతలో అనుమానం రాదు కాబట్టి మిగతావీ తింటాయి. మనుషులకు, పెంపుడు జంతువులకు పొరపాటున అందితే విటమిన్ కె1 విరుగుడుగా ఉంది. అయినా వైద్యుడి చేతుల మీదుగానే.

- బిళ్ళను తాళం ఉన్న మందు పెట్టెలో తీగకు గుచ్చి పెట్టండి. విడిగా పెడితే మోసుకెళ్ళి ఎక్కడో దాస్తుంది.
- పొలాల కోసం 96 పాళ్ళు నూకలు, 2 పాళ్ళు నూనె, 2 పాళ్ళు మందు కలిపే మిశ్రమాన్ని ఇంటికి తేవద్దు. ఒలికిన నూకలు కోళ్ళు తింటాయి.
- ఇంట్లో పిల్లి ఉంటే మందు ఆలోచనే మానుకోండి. మందు తిన్న ఎలుకను తిన్న పిల్లికీ ప్రమాదమే.

వీటి జోలికి అసలు వెళ్ళకండి:

- పసుపు భాస్వరం ఉన్న ట్యూబు పేస్టు. కాలేయాన్ని దెబ్బతీస్తుంది, విరుగుడు లేదు.
- జింక్ ఫాస్ఫైడ్ నల్లపొడి. దీనికీ విరుగుడు లేదు. కొంచెం తిని బతికిన ఎలుక మళ్ళీ ఆ ఎరను ముట్టదు.
- అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు. తేమ తగిలితే వచ్చే వాయువు పక్కగదిలో నిద్రిస్తున్నవారి ప్రాణం తీయగలదు. మామూలుగా అమ్మడానికి అనుమతి కూడా లేదు.
- కరెంటు తీగ. "పొలంలో పెడతారు కదా" అనకండి. ఎలుకకంటే ముందు మనిషి పోతాడు.

పిల్లలు ఏ మందు మింగినా వాంతి చేయించే ప్రయత్నం చేయక, పొట్లంతో సహా ఆసుపత్రికి వెళ్ళండి. 108కి ఫోను చేయండి.

## 6. ఇప్పుడు గుట్ట కదపండి, శుభ్రం చేయండి

ముందుగా తలుపులు, కిటికీలు అరగంట తెరిచి ఉంచండి. చేతి తొడుగులు, ఎన్-95 మాస్కు, బూట్లు వేసుకోండి.

ఎలుకలున్న చోటికి పాములు వస్తాయి. జెర్రిపోతు అయితే ప్రమాదం లేదు, నాగుపామూ రావచ్చు. చెక్కల సందులో చెయ్యి పెట్టకండి. కర్రతో కదిపి, టార్చి వేసి చూసి, పైనుంచి ఒక్కొక్కటే తీయండి.

వర్క్‌షాపువారు ఎక్కువగా చేసే పొరపాటు ఒకటుంది: ఎలుక పెంటికలను కంప్రెసర్ గాలితో ఊదేయడం, లేదా చీపురుతో ఊడ్చేయడం. ఎండిన మూత్రం, పెంటికల ధూళి అంతా మీ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వాక్యూమ్ కూడా వద్దు.

సరైన పద్ధతి:

1. ఒక పాలు బ్లీచు ద్రవం, తొమ్మిది పాళ్ళు నీళ్ళు కలపండి. ఏ రోజుకారోజే కలుపుకోవాలి.
2. పెంటికలు, గూళ్ళు బాగా నానేలా చల్లి పది నిమిషాలు ఆగండి.
3. పాత గుడ్డతో ఎత్తి, రెండు కవర్లలో మూటగట్టండి.
4. నేలను మళ్ళీ అదే ద్రవంతో తుడవండి.
5. తొడుగులు తీయకముందే సబ్బుతో కడిగి, తీశాక చేతులు కడగండి.

బ్లీచులో యాసిడ్‌గానీ, బాత్రూము కడిగే ద్రవంగానీ కలపవద్దు, విషవాయువు వస్తుంది. ఇనుప పనిముట్ల మీద, పోత ఇనుము బల్లల మీద బ్లీచు పోయవద్దు, తుప్పు పడుతుంది. వాటిని సబ్బు నీళ్ళతో తుడిచి, ఆరాక పలచగా నూనె రాయండి. ఎలుక మూత్రంతో అప్పటికే తుప్పు మరక పడితే కిరోసిన్ తడిపిన సన్నటి ఎమెరీ కాగితంతో రుద్దితే పోతుంది.

చేతి మీద గాట్లుంటే మూసుకోకుండా ఈ పని మొదలుపెట్టకండి. ఎలుక మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ సోకుతుంది, వానాకాలంలో మరీ ఎక్కువ. శుభ్రం చేసిన కొన్ని రోజులకు, సాధారణంగా రెండు వారాల్లోపు, జ్వరం, పిక్కల నొప్పులు, కళ్ళ ఎరుపు వస్తే డాక్టరుతో ఎలుకల సంగతి తప్పక చెప్పండి. ఎలుక కరిస్తే సబ్బు నీళ్ళతో బాగా కడిగి, అదే రోజు వైద్యుడి దగ్గరకు వెళ్ళండి.

## 7. మిషన్లు, వైర్లు చూసుకోండి

ఎలుకలు తిరిగిన షాపులో మిషను మీట నొక్కేముందు ప్లగ్గు తీసి లోపల చూడాలి. రంపం మోటారు గాలి కన్నాల్లో, కంప్రెసర్ బెల్టు మూత కింద, కుట్టుమిషను అడుగు పళ్ళెంలో, స్టెబిలైజర్లో పీచు గూడు ఉందేమో చూడండి. గూటితో మోటారు తిప్పితే వేడెక్కి కాలిపోతుంది, పొట్టు ఉన్న చోట అది నిప్పే.

- కొరికిన తీగకు టేపు చుట్టి సరిపెట్టకండి. తీగ మొత్తం మార్చండి.
- మెయిన్ ఆపకుండా కరెంటు బోర్డు విప్పవద్దు. పైపుల్లోంచి పోయే వైర్ల మీద అనుమానం ఉంటే ఎలక్ట్రీషియన్ చేత ఇన్సులేషన్ పరీక్ష చేయించండి.
- ఎం.సి.బి. (కరెంటులో లోపం వస్తే తనంతట తాను ఆగే స్విచ్చు) తరచూ పడిపోతుంటే దాన్ని మార్చడం కాదు, కొరికిన చోటు వెతకాలి.

## 8. ఎర్ర గుర్తు కన్నాలు మూయండి

ఇప్పుడు లోపల ఎలుక లేదు. మూస్తే బయటివే ఆగుతాయి.

గోడ కన్నాలు. సిమెంటు మాలులో గాజు పెంకులు కలిపి కూరడం మన తాపీమేస్త్రీల పాత పద్ధతి, ఇప్పటికీ దానికి సాటి లేదు. పెంకులు లోపలి వైపుకే ఉండాలి, పైన నున్నగా పూయాలి. లేకపోతే మీ చెయ్యే తెగుతుంది.

పైపుల చుట్టూ. గిన్నెలు తోమే స్టీలు పీచును గట్టిగా కూరి, పైన సిమెంటు వేయండి. ఉబ్బే నురుగు ఒక్కటే కొడితే రాత్రికి రాత్రే కొరికేస్తాయి.

రేకుల వంపులు. 6 మి.మీ. గళ్ళ జి.ఐ. జాలీని వంపుకు తగ్గట్టు కత్తిరించి, గోడకు మేకులతో బిగించండి. దోమల నెట్ పనికిరాదు. గాలి ఆడాలి కాబట్టి అక్కడ సిమెంటుతో పూర్తిగా పూడ్చకండి. సిమెంటు రేకులు ఆస్బెస్టాస్‌వి అయితే వాటిని కోయడం, డ్రిల్లు చేయడం మానుకోండి, బిగింపులన్నీ గోడకే.

షట్టరు అడుగు. నేల హెచ్చుతగ్గులుగా ఉంటే ముందు సిమెంటు గడప సమంగా వేయించండి. రబ్బరు పట్టీ ఒక్కటే అయితే కొరుకుతాయి, దానికి ముందు వైపు ఇనుప పట్టీ బిగించండి.

చెక్క తలుపు. కింది భాగానికి లోపలా బయటా రేకు కొట్టండి.

తూము. పైకెత్తి కడిగే వీలున్న ఇనుప జాలీ బిగించండి.

కొమ్మలు. రేకులకు కనీసం ఒకటిన్నర మీటరు దూరం ఉండేలా కొట్టండి. అంతకంటే దగ్గరైతే దూకుతాయి.

కలుగులు. రాళ్ళు, గాజు పెంకులు దట్టించి, మట్టి కప్పి, దిమ్మిసతో కొట్టండి. ఇంటి గోడ పక్కన పొగ పెట్టడం మాత్రం వద్దు.

పని అయ్యాక మధ్యాహ్నం వెలుతురు పరీక్ష మళ్ళీ చేయండి.

## 9. సామాను తిరిగి పెట్టేటప్పుడు

- చెక్కలు, షీట్లు నేలకు అడుగున్నర ఎత్తున ఇనుప ర్యాకుల మీద పెట్టండి. గోడకూ ర్యాకుకూ మధ్య జానెడు ఖాళీ ఉంటే టార్చి వేసి చూడొచ్చు.
- చిత్రిక పొట్టు, రంపపు పొట్టు ఏ రోజుకారోజు బయటికి పంపండి. పొట్టు పట్టే గుడ్డ సంచీని రాత్రి ఖాళీగా ఉంచండి.
- గ్రీజు తుడిచే వేస్టు, బట్ట పీలికలు మూత ఉన్న రేకు డ్రమ్ములో.
- మిషన్ల తీగలు నేల మీద వదలకుండా చుట్టి కొక్కేనికి తగిలించండి.
- ఎప్పటికైనా పనికొస్తాయని దాచిన అట్టపెట్టెలు నిజంగా పనికొచ్చేవి ఎలుకలకే. అమ్మేయండి.

## 10. ఎక్కువగా ఎదురయ్యే చిక్కులు, సర్దుబాట్లు

ఎర పోతోంది, ఉచ్చు పేలడం లేదు. మీట గట్టిగా ఉంది, లేదా ఎర వదులుగా ఉంది. మీట కొక్కెం కొసకు వచ్చేలా సర్ది, ఎరను దారంతో కట్టండి. చీమలు తినేస్తున్నాయేమో కూడా చూడండి.

ఉచ్చు పేలింది, ఎలుక లేదు. సైజు తప్పు, లేదా గోడకు సమాంతరంగా పెట్టారు. గోడకు అడ్డంగా తిప్పండి.

వారమైనా బోను వంక రావడం లేదు. షాపులో ఇంకెక్కడో తిండి ఉంది. మూడో మెట్టు జాబితా మళ్ళీ చూడండి. బోనును గోనెతో కప్పి నోరు మాత్రం తెరిచి ఉంచండి.

కుళ్ళు వాసన వస్తోంది. ఈగలు ఎక్కడ ముసురుతున్నాయో చూడండి. దొరకని పక్షంలో గాలి ఆడనిచ్చి, ఎండిపోయేదాకా ఓర్చుకోవడమే.

శబ్దతరంగాల యంత్రం కొన్నాం. మొదటి రెండు మూడు రోజులు బెదరవచ్చు, తర్వాత అలవాటు పడతాయి. శబ్దం చెక్కల గుట్ట దాటి పోదు కూడా. కలరా ఉండలు, పుదీనా నూనె సంగతీ ఇంతే. ఆ డబ్బుతో ఆరు ఉచ్చులు వస్తాయి.

పిల్లిని పెంచమంటున్నారు. చిట్టెలుకలను పడుతుంది. పెద్ద పందికొక్కు ఎదురుతిరిగితే చాలా పిల్లులు తప్పుకుంటాయి.

## 11. ఇక మీదట వారానికొకసారి

ఆదివారం పావుగంట చాలు:

- పనిబల్ల వెనుక, ర్యాకుల కింద టార్చి వేసి కొత్త పెంటికలున్నాయేమో చూడండి
- తలుపు దగ్గర ఒక గీత ముగ్గు చల్లి మర్నాడు చూడండి
- షట్టరు పట్టీ, తూము జాలీ ఊడలేదు కదా
- గోడ వారన కొత్త మట్టి కుప్ప కనిపిస్తోందా
- చెత్తబుట్ట ఖాళీ చేశారా

ఏడాదిలో రెండు అదనులున్నాయి. భారీ వానలకు కలుగుల్లో నీళ్ళు చేరినప్పుడు ఒకటి, వరి కోతలయ్యాక పొలంలో తిండి తగ్గినప్పుడు రెండోది. పొలాలు దగ్గరున్న ఊళ్ళలో ఈ రెండుసార్లూ ఎలుకలు ఇళ్ళ వైపు తిరుగుతాయి. అప్పుడు వారానికొకసారి సరిపోదు. సొరంగం పెట్టెలు రెండు, తలుపుకు అటూ ఇటూ, ఎర మార్చి బిగించి ఉంచండి.